చూచువాని ఋణము

ధనమును ఆర్జించుటయందు ధర్మాధర్మములు గలవని మనవారు తొల్లినుండియు చెప్పుచున్నారు. దానమిచ్చుటయందును పాత్రాపాత్ర విచారము గలదు. కాని ఆర్జించిన ధనమును మన సంతోషముకొఱకు వ్యయము చేసికొనుటయందు ధర్మవిచారమునకు చోటున్నదా యని యడిగినచో పెక్కుమంది నవ్వుదురు. "న్యాయముగా సంపాదించితిమి, అప్పుచేయక ఖర్చుపెట్టుచున్నాము, ఒరులకు హాని చేయుట లేదు. ఇంక విచారమేమి?" అందురు. ఉప్పు, పప్పు, బట్ట కొనునపుడు ఈ సమాధానము చాలవచ్చును. మనము కొనునది వస్తువు గాక దృశ్యమైనపుడు, అనగా ఒక దేశపు అడవిని, సముద్రతీరమును కన్నులార చూచు భాగ్యమును వెలయిచ్చి కొనునపుడు, ఆ వెలతోనే మన ఋణము తీరిపోవుచున్నదా? ఈ ప్రశ్ననే యిచట విచారింపదలచితిమి.

మన పెద్దలు తీర్థయాత్రకు నియమము లేర్పరచిరి. యాత్రకు బయలుదేరువాడు మొదట సంకల్పము చెప్పుకొనెడివాడు. తా నెవడో, ఎచటికి, ఎందులకు పోవుచున్నాడో తనకు తాను చెప్పుకొనుటయే సంకల్పము. విహారయాత్రకు బయలుదేరు నేటి గృహస్థునకు సంకల్పము లేదు. కార్యక్రమపు పట్టిక మాత్రమే యున్నది. పట్టిక వలన ఏ దినమున ఎచట నుందుమో తెలియును గాని, అచట మనమెవరమో తెలియదు.

ప్రశ్న గాలిలో నిలువకుండుటకై ఒక యాత్రను ఉదాహరణముగా గైకొందము. నేడు తెలుగు కుటుంబములలో కలిగినవారును, పరదేశములందు ఉద్యోగములు చేయు బిడ్డలు గలవారును దక్షిణాఫ్రికాకు విహారము పోవుట అరుదు కాదు. పెక్కుమంది పట్టిక ఇంచుమించుగ ఒకటే: కొన్ని దినములు క్రూగరు జాతీయోద్యానమున మృగదర్శనము, పిమ్మట హిందూమహాసముద్రపుటొడ్డున డర్బను నగరమందో, దాని కుత్తరముననున్న సెయింట్ లూసియా ప్రాంతమందో విశ్రాంతి. పోదలచినవారు నెలలకు ముందే కాలమును విచారింతురు. మే మొదలు సెప్టెంబరు వఱకు క్రూగరు ప్రాంతమున వానలు లేని చలికాలము. గడ్డి యెండి పలుచబడును. నీరు కొలది మడుగులలోనే మిగులును. మృగములు ఆ మడుగులకు చేరును. కావున చూచుట సులభము. మలేరియా భయమును అప్పుడు తక్కువ. అదే కాలమున డర్బను తీరము హాయిగా నుండును. జూను, జూలై మాసములలో లెక్కలేని సార్డీను చేపలు గుంపులై ఆ తీరము వెంబడి ఉత్తరమునకు సాగుటయు, వానిని వెన్నాడి డాల్ఫినులు, సొరచేపలు, సముద్రపక్షులు వచ్చుటయు గొప్ప వింత. పట్టిక వేయువారు ఈ సంగతులను శ్రద్ధతో తెలిసికొందురు. తెలిసికొనుట తగినదే. అయితే, "ఏ నెలలో సింహము కనబడును?" అను ప్రశ్నకు పదిమంది జవాబు చెప్పుదురు, "ఆ సింహము తిరుగు నేలపై ముం దెవరు కాపురముండిరి?" అను ప్రశ్నను అడుగువారే కనబడరు.

సఫారి యను మాటకు స్వాహిలీ భాషలో ప్రయాణమని యర్థము. అది అరబ్బీనుండి వచ్చినది. మన ముసాఫరుఖానాలోని ముసాఫరును ఆ ధాతువునుండి పుట్టినవాడే. నిర్దోషమైన యీ మాట తెల్లదొరల చేతబడి, తుపాకులతోడను కూలివాండ్రతోడను చేయు వేటకు పేరయ్యెను. నేటి యాత్రికులందఱును వల్లించు "పెద్ద అయిదు" అను జాబితాయు ఆ వేటగాండ్రు విడిచిపోయినదే. సింహము, చిఱుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, అడవిదున్న అను నీ యయిదింటిని ఏర్చినది వాని యందమునుబట్టి కాదు. కాలినడకను వేటాడువానికి అవి మిక్కిలి ప్రమాదకరములగుట బట్టి. తుపాకి పోయి కెమెరా వచ్చినది. జాబితా మాత్రము పోలేదు. జిరాఫీల మంద దారికడ్డముగా మెల్లగ నడచిపోవుచుండగా, "చిఱుత యింకను కనబడలేదే" యని విచారించువారెందరో గలరు. ఒకచోట సింహము కనబడినదని వార్త వచ్చినంతనే బండ్లన్నియు అచటికే పరుగెత్తును. క్రూగరులో తారురోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లకును, మట్టిదారిపై 40 కిలోమీటర్లకును మించి పోరాదని నియమము. అయినను కంటి యాకలి నియమమును లెక్కింపదు. చంపకున్నను పట్టుకొనవలెనను బుద్ధి నశింపలేదనుటకు ఇదియే నిదర్శనము.

ఇక ఆ యడవి చరిత్ర. 1898లో పాల్ క్రూగరు అధ్యక్షుడుగానున్న ట్రాన్స్‌వాలు ప్రభుత్వము సాబీ నదీప్రాంతమును మృగరక్షణకై ప్రత్యేకించెను. బోయరు యుద్ధానంతరము ఆంగ్లేయుల పాలనమున 1902లో స్టీవెన్‌సన్-హామిల్టన్ అను సైనికోద్యోగి దానికి రక్షకుడుగా నియమింపబడెను. ఆయన అచటి పల్లెలను ఖాళీ చేయించుటకు పూనుకొనెను. అచటి సోంగా ప్రజలు ఆయనను "స్కుకూజా" యని పిలిచిరి. ఊడ్చివైచువాడని ఆ పేరున కర్థము చెప్పుదురు. నేడు ఆ యుద్యానమున ప్రధానమైన విడిదికిని, యాత్రికులు దిగు విమానాశ్రయమునకును ఆ పేరే. ఊడ్చివైచినవాని పేరు నిలిచినది. ఊడ్చివేయబడిన పల్లెల పేళ్లు ఏ పట్టికయందును లేవు. 1926లో శాసనము వలన అది జాతీయోద్యానమైనది. 1927లో మొదటి యాత్రికులు మూడు కార్లలో వచ్చిరి. నేడు దాని వైశాల్యము ఇంచుమించు 19,500 చదరపు కిలోమీటర్లు.

ఉత్తరపుకొనను లువువ్హు, లింపోపో నదుల నడుమ మకులెకె యను జనులుండిరి. వారి గ్రామములు, పొలములు, పితరుల సమాధులు అచటనే యుండెను. వర్ణభేదప్రభుత్వము 1969లో వారిని అచటినుండి వెడలగొట్టి, ఆ నేలను క్రూగరులో కలిపివేసెను. తమ గుడిసెలకు తామే నిప్పుపెట్టవలసివచ్చినదని వారు నేటికిని చెప్పుకొందురు. ఇంతేకాదు. ఎంతోకాలము ఆ యుద్యానమున రాత్రి బసచేయుటకు తెల్లవారు కానివారికి బాలూలె యను చిన్న విడిది యొక్కటే దిక్కు. అది యిప్పటికిని విద్యుద్దీపములు లేక లాంతరు వెలుతురుననే యున్నది. ఇప్పుడు కోరి అచటికి పోవువారు ఆ యేకాంతమును, ఆ నక్షత్రములను మెచ్చుకొందురు. అది మెచ్చదగినదే, కాని ఒకప్పుడు ఆ లాంతరు వెలుతురు ఎవరికి ఇష్టముతో పనిలేక విధింపబడినదో తెలిసి మెచ్చుకొనుట వేఱు, తెలియక మెచ్చుకొనుట వేఱు.

ఇచట ఒక ఆక్షేపణ గలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "అడవిని కాపాడకున్నచో మృగములే మిగులకపోవును గదా! పదిమంది పల్లెలు విడిచినందున ఒక జాతిమృగము లోకమున నిలిచినచో అది మేలు కాదా?" అందురు. ఇందు నిజమున్నది. నేటాలు దేశమున ఒకప్పుడు జూలూ రాజులు వేటాడిన ఉంఫొలోజీ ప్రాంతము 1895లో రక్షితారణ్యమైనది. దక్షిణపు తెల్లఖడ్గమృగము అప్పటికి నూటికి లోబడిన సంఖ్యకు తగ్గి, అచట మాత్రమే మిగిలియుండెను. 1960ల దశాబ్దమున ఇయాన్ ప్లేయరును ఆయన సహచరులును ఆ మృగములను చంపక పట్టి యితరారణ్యములకు పంపి, ఆ జాతిని వేలసంఖ్యకు పెంచిరి. కొమ్ముకొఱకు దొంగవేటగాండ్రు ఒక్క 2014లోనే దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగములను చంపిరన్నచో, కావలి లేని యడవియొక్క గతి యేమగునో చెప్పనక్కఱలేదు.

అయినను ఈ యాక్షేపణ కథలో సగమే చెప్పుచున్నది. ఆ మందలను నూటికి లోబడునట్లు తగ్గించినది ఈటెలతో తిరిగిన పల్లెవాడా? సీమతుపాకులతో దంతములకును, చర్మములకును, వినోదమునకును వచ్చినవారే గదా ముఖ్యకారకులు! తుపాకులతో మందలను కూల్చినవారు వేటగాండ్రనిపించుకొనిరి; ఆకలికై ఉచ్చు పన్నినవాడు దొంగ యనిపించుకొనెను. పాపము చేసినవా డొకడు, ప్రాయశ్చిత్తము చెల్లించినవాడు మఱియొకడు. ఇయాన్ ప్లేయరునకు అడవిని చదువ నేర్పినవాడు మగ్కుబు న్టొంబెలా యను జూలూ వృద్ధుడు. ప్లేయరే ఆ సంగతిని జీవితాంతము చెప్పుచుండెను. అడవి తెలిసిన మనుష్యుడు అడవికి శత్రువను మాట ఎంత యసత్యమో ఈ యొక్క సంగతి చాలును.

ఈ సందర్భమున మకులెకె ప్రజల తర్వాతి కథ మిక్కిలి బోధకరము. వర్ణభేదప్రభుత్వము కూలినపిదప, 1994నాటి భూపునరుద్ధరణ శాసనము ననుసరించి వారు తమ నేలను కోరిరి. 1998లో ఇంచుమించు 24,000 హెక్టారుల భూమి వారికి తిరిగి వచ్చినది. వారు కంచె తెంచి మృగములను తోలివేయుదురని భయపడినవారు లేకపోలేదు. వా రట్లు చేయలేదు. నేల తమదని స్థిరపఱచుకొని, దానిని అడవిగానే యుంచి, ఉద్యానపాలకులతో కలిసి నిర్వహించుటకును, యాత్రికుల బసలవలన వచ్చు ఆదాయమున భాగము పొందుటకును ఒడంబడిరి. తమ్ము వెడలగొట్టుటకు చూపిన కారణమునే వారు తమ జీవనోపాధిగా మార్చుకొనిరి. మృగరక్షణకును మనుష్యన్యాయమునకును పొత్తు కుదరదనువారికి ఇంతకంటె సమాధానము వలదు. పొత్తు కుదరదనుట చాలవఱకు పొత్తు కుదుర్చు శ్రమ పడనివారి మాట.

రెండవ యాక్షేపణ మనవారిది. "తెల్లవారు చేసిన పాపమునకు మేమా బాధ్యులము? ఆ దేశమున మన భారతీయులును బాధలు పడినవారే గదా!" అందురు. ఈ మాట మనలను అడవినుండి సముద్రతీరమునకు తీసికొనిపోవుచున్నది; ఏలయన మనవారి చరిత్ర ఆ తీరముననే వ్రాయబడినది.

1860 నవంబరు 16వ తేదీని ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి కూలివారిని తెచ్చి డర్బను రేవున దింపెను. అది మొదలు 1911 వఱకు ఇంచుమించు 1,52,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలునకు పోయిరి. అం దెక్కువమంది చెన్నపట్టణపు రేవుమీదుగ పోయినవారు; వారిలో అఱవవారును, విశాఖపట్టణము, గంజాము, చిత్తూరు మొదలగు ప్రాంతములనుండి వెడలిన తెలుగువారును గలరు. ఒప్పందము అయిదేండ్లు, మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతము. నేడు యాత్రికులు మిద్దెలమీదినుండి సముద్రమును చూచి మురియు డర్బను ఉత్తరతీరమున నాడు కనుచూపుమేర చెఱకుతోటలు. ఆ చెఱకును నాటి, నఱికి, మోసినవారు వీరు. ఒప్పందము తీరినపిమ్మట అచటనే నిలిచిన వారి సంతతివారు నేటికిని నాయుడు, రెడ్డి మొదలగు ఇంటిపేళ్లతో నున్నారు. తెలుగు మఱచిపోకుండుటకై వారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

ఆ సంతతివారికి జరిగిన దేమి? 1950నాటి వర్గప్రాంతముల శాసనము వలన డర్బనులోని భారతీయులు వేలకొలదిగా తమ యిండ్లు, దుకాణములు, గుళ్లుగల పేటలు విడిచి, ప్రభుత్వము చూపిన చాట్స్‌వర్తు వంటి దూరపు పేటలకు పోవలసివచ్చినది. 1953లో ప్రత్యేక సదుపాయముల శాసనము వచ్చినది. సముద్రతీరము సయితము వర్ణమునుబట్టి పంపకమయ్యెను. మంచి స్నానస్థలములు తెల్లవారివి. అచట ఇతరులు దిగరాదని పలకలు పాతబడెను. ఏ చెఱకు వలన ఆ తీరము సంపన్నమైనదో, ఆ చెఱకు నఱికినవాని మనుమడు ఆ తీరమున కాలు తడుపుకొనుటకు వీలులేకపోయెను. 1989లో ధిక్కారోద్యమమునకు బయలుదేరిన ప్రజలు నిషేధమును లెక్కచేయక ఆ నీళ్లలో దిగిరి. 1990లో ఆ శాసనము రద్దయ్యెను. నేడు మన యాత్రికుడు బిడ్డల చేతులు పట్టుకొని అలలలో దిగుచున్నాడన్నచో, ఆ దారి తెఱచినవారికి, ఆఫ్రికావారికిని, భారతీయులకును, న్యాయమెఱిగిన కొందఱు తెల్లవారికిని, వా డెంతయో ఋణపడియున్నాడు.

కావున "మనవారును బాధపడిరి" అనుమాట సెలవుచీటీ కాదు. ఇల్లు విడువవలసివచ్చిన చాట్స్‌వర్తువాని దుఃఖము తెలిసినవానికి, ఊరు కాల్చుకొనవలసివచ్చిన మకులెకెవాని దుఃఖము మఱింత తొందరగా తెలియవలెను. కాని లోకమున తఱచు జరుగునది వేఱు. మనవారిలో కొందఱు ఆ దేశమున దిగినంతనే, నల్లనివాడు ఎదురుపడినచో చేతిసంచి గట్టిగా పట్టుకొందురు; తెల్లనివాడు పలుకరించినచో పొంగిపోవుదురు. ఇంట పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టు అలవాటు సముద్రము దాటినంత మాత్రమున ఎచటికి పోవును? అది పెట్టెలో బట్టలతో పాటు వచ్చును.

అయితే ఋణమనగా అపరాధమా? కాదు. ఇచట మన సంప్రదాయమున నొక సూక్ష్మమైన భావము గలదు. మనుష్యుడు దేవ, ఋషి, పితృ ఋణములతో పుట్టునని మనవారు చెప్పిరి. పుట్టిన శిశువు ఏ తప్పు చేసెను? ఏ తప్పును చేయలేదు. అయినను ఋణము గలదు. ఒరులు కష్టించి యుంచినదానిని అనుభవించుచున్నాడు గనుక గలదు. ఈ భావమును గ్రహించినచో, "మేము చేయని పాపమునకు మేమా బాధ్యులము?" అను ప్రశ్న తనంతట కరగిపోవును. పాపము చేసినవాడు శిక్షకు పాత్రుడు. ఫలమనుభవించువాడు ఋణమునకు పాత్రుడు. క్రూగరు నిర్జనసౌందర్యమును చూచి పరవశించువాడు ఆ నిర్జనత్వమును కల్పించినవాడు కాడు. కాని దాని ఫలమును భుజించువాడు. అపరాధభావము మనుష్యుని క్రుంగదీయును, లేదా కోపము పుట్టించును. ఋణభావము మనుష్యుని నిలువబెట్టి, "ఎట్లు తీర్తును?" అని యడిగించును.

తీర్చుట యెట్లు? పోవుట మానుకొనుట ఒక మార్గమని కొందఱందురు. మేము దాని నొప్పుకొనజాలము. 2020 మార్చిలో మహమ్మారి వలన క్రూగరు ద్వారములు మూతపడినపుడు, దాని చుట్టునున్న గ్రామములలో దారిచూపరులు, వంటవారు, పక్కలు పఱచువారు, చేతిపనులమ్ము స్త్రీలు జీవనము కోల్పోయిరి. దక్షిణాఫ్రికా ఉద్యానసంస్థకు ఆదాయము ముఖ్యముగ యాత్రికులనుండియే వచ్చును. కావలివాని జీతమును అందులోనిదే. 1996లో సెయింట్ లూసియా ఇసుకదిబ్బలను టైటేనియముకొఱకు త్రవ్వుదమా, అడవిగా నుంచి యాత్రికులను పిలుతమా యను వివాదమున ప్రభుత్వము రెండవదానినే కోరుకొనెను. ఆ ప్రాంతము 1999లో ప్రపంచవారసత్వ స్థలమైనది. చూచువారు లేనిచో అట్టి నిర్ణయమునకు బలము లేదు. దారిలో పిల్లలకు మిఠాయిలు, చిల్లర విసరుట మఱియొక మార్గమందురు. అది ఋణము తీర్చుట కాదు. ఋణమున్నదని మఱచుటకు చేయు ఉపాయము.

మా యభిప్రాయమున ఋణము తీర్చు సమయము యాత్ర కాదు. యాత్రకు ముందు పట్టిక వేయు సమయము. బండి కదలినపిదప మన స్వేచ్ఛ స్వల్పము. డబ్బు చేతిలో నుండగనే ప్రశ్నకు బలము గలదు. కావున గృహస్థులు నాలుగు ప్రశ్నలను అలవఱచుకొనవలెను.

మొదటిది: ఈ నేల యెవరిది, వచ్చు ధనమున వారికి భాగమున్నదా? మకులెకె భూమిలోని బసలవంటివి కొన్ని గలవు. ఒక రాత్రియైనను అట్టిచోట గడపుట యెక్కువ శ్రమ కాదు. ఆ యుద్యానములలో విదేశీయులు స్వదేశీయులకంటె పలురెట్లు రుసుము చెల్లింపవలెను. దానికి సణుగుట మాని, ఆ దేశపు బీదబిడ్డ తన దేశపు ఏనుగును తక్కువ వెలకు చూచుటకు అది తోడ్పడునని సంతోషింపవలెను.

రెండవది: మనకు సేవచేయువారి స్థితి యేమి? ఒక పాదపుగుర్తునుబట్టి సింహము పోయిన దిక్కును చెప్పు మనుష్యుని పేరు తెలిసికొనక తిరిగివచ్చుట, గురువు పేరడుగక చదువు నేర్చుకొనుట వంటిది. జీతము సరిగా నిచ్చు బసను వెదకుట, ముగింపున ఇచ్చు బహుమానముకంటె గొప్ప ధర్మము.

మూడవది: మృగమునకు మన సంతోషము వలన కీడున్నదా? దక్షిణాఫ్రికాలో సింహపుపిల్లలను ఒడిలో నుంచుకొని పటము తీయించుకొనుటకు వీలిచ్చు స్థలములు పెక్కు వెలసినవి. పాలుత్రాగు పిల్లను తల్లినుండి వేఱుచేసినగాని అది మన యొడిలోనికి రాదు. పిల్లపోయిన తల్లి మఱల త్వరగా ఈనును. మనుష్యుని యెడ భయముడిగి పెరిగిన సింహములలో పెక్కు కంచెలోపలనే ధనికుల తుపాకులకు గుఱియైనవి. ఈ వ్యాపారమును మాన్పింప నిశ్చయించినట్లు 2021లో ప్రభుత్వము ప్రకటించినది. ప్రకటించుట యొకటి, పూర్తిగ నెఱవేర్చుట మఱియొకటి. మన బిడ్డ ముద్దుగా పిల్లసింహమును నిమిరిన ఆ యొక్క క్షణము వెనుక ఇంత కథ గలదు. తాకనిచ్చు మృగశాలకు పోకుండుటయే యిచట ధర్మము. అన్నిటిని తప్పించుకొనగలమని మేము చెప్పుట లేదు. డర్బను తీరమున స్నానము చేయువారి రక్షణకై 1952నుండి సొరచేపల వలలు పన్నుచున్నారు. వానిలో తాబేళ్లును డాల్ఫినులును చిక్కి చచ్చుచున్నవి. నిర్భయముగ నీటదిగువాడు ఈ సంగతి నైనను ఎఱిగియుండవలెను. ఎఱిగినవారు పెరిగినపుడే మేలైన ఉపాయములు వెదకబడును.

నాలుగవ ప్రశ్న మన యింటిది: ఈ విహారము ఇంటిలో అందఱికిని విహారమేనా? క్రూగరు విడుదులలో వంటగదులు గల కుటీరములుండును. వ్యయము తగ్గునని మనవారు వానిని కోరుదురు. బియ్యము, పచ్చళ్లు, పొడులు మోసికొనిపోవుదురు. తప్పు లేదు. కాని తెల్లవాఱకముందే ద్వారము తెఱచు వేళకు బండియెక్కవలెను గనుక నాలుగు గంటలకు లేచి ఉప్మా చేయు వారెవరు? మధ్యాహ్నమున అందఱును ఏనుగుల మడుగువద్ద కూర్చుండగా అంట్లు తోము వారెవరు? మకులెకె స్త్రీల కష్టములను గూర్చి కన్నీరు పెట్టుకొని, తన భార్య సింహమును చూచెనో లేదో యెఱుగని గృహస్థుని ధర్మజ్ఞానము ఎట్టిది? పురుషులు, ఎదిగిన కుమారులు వంతులవారీగా వంట చేయుదురని పట్టికలోనే వ్రాయవలెను. సంస్కరణము సముద్రము దాటునంత దూరము పోయి, వంటింటి గడప దాటలేకుండుట నవ్వులపాటు.

ఇట్టి ప్రశ్నలతో సంతోషము చెడునని కడపటి యాక్షేపణ. విశ్రాంతికి పోవువానికి ఇంత బరువెందులకని యడుగుదురు. ఒకరి యింటికి అతిథులుగా పోయినపుడు, ఆ యింటివారి పేళ్లను, వారు పడిన కష్టసుఖములను తెలిసికొనుట వలన భోజనపు రుచి తగ్గునా? అతిథియనిపించుకొనుటకు అదియే గదా మొదటి లక్షణము! తెలియక తినువాడు సత్రపు భోజనము చేసినవాడు. ఆకలి తీరును, సంబంధ మేర్పడదు. లువువ్హు నదీతీరమున సాయంకాలమున ఏనుగుల మంద నీటికి దిగుచుండగా, ఈ నేల ఒకప్పుడు పోయి మఱల తన వారిని చేరినదని యెఱిగిన బిడ్డ ఆ దృశ్యమును మఱింత కాలము జ్ఞాపకముంచుకొనును. డర్బను అలలలో ఆడుకొను బాలికకు, తన భాష మాటలాడినవారు ఈ యొడ్డున ఓడ దిగిరనియు, వారి మనుమలు ఈ నీటికి దూరముగ నిలువబడిరనియు చెప్పినచో, సముద్రము చిన్నదికాదు; ఆ పిల్ల పెద్దదగును.

వెల చెల్లించినవాడు కొనుగోలుదారుడు. ఋణమెఱిగినవాడు అతిథి. పట్టిక వేయునపుడు కాగితపు తలకట్టున, కాలమునకును బసకును ముందుగా, మనము ఈ రెండింటిలో ఎవరముగా పోవుచున్నామో వ్రాసికొనుట అలవాటైనచో, తక్కిన పంక్తులు చాలవఱకు వానియంతట సరిపడును.